రివర్స్ లూప్‌లో బ్రేకర్ పడిపోతోంది: రిలే రివర్సర్ మార్చాలా?

మీటర్‌గేజ్ (చెన్నై):
మోడల్ రైలు లేఅవుట్, హెచ్‌ఓ (1:87 స్కేలు), 8×4 అడుగులు, డీసీసీ (పట్టాల ద్వారా ఇంజన్లకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి), పట్టాలకి కరెంటిచ్చే 5 ఆంపియర్ల బూస్టర్. ఒక చివర 22 అంగుళాల రేడియస్ రివర్స్ లూప్, అంటే రైలు చుట్టు తిరిగి వచ్చిన పట్టా మీదికే ఎదురుగా చేరే వలయం. దానికి రిలే రకం ఆటో రివర్సర్ (లూప్ పట్టాల పొలారిటీని దానంతటదే తిప్పే పరికరం), మెయిన్ బ్రేకర్ తర్వాత కలిపి ఉంది. ఇంజన్ ఒక్కటే లూప్‌లోకి వెళ్తే అప్పుడప్పుడు బ్రేకర్ పడుతోంది. ఆరు ఎల్‌హెచ్‌బీ కోచ్‌లు తగిలిస్తే ప్రతిసారీ రిలే టకటకా కొట్టుకుంటోంది. రిలే లేని పీఎస్ఎక్స్-ఏఆర్ రివర్సర్ కొంటే తీరుతుందా?

ట్రిప్‌పాయింట్:
ఇవి రెండు వేరు వేరు జబ్బులండీ. కొనే ముందు టేపు పెట్టి కొలవండి. కోచ్ 24 మీటర్లు, అంటే హెచ్‌ఓలో 27.6 సెం.మీ. ఆరింటికి 166, డబ్ల్యూఏపీ-7 ఇంజన్‌కి ఇంకో 24. మొత్తం 190. లూప్‌ని మిగతా లైన్ నుంచి విడదీసేలా పట్టాల్లో కోసిన రెండు గ్యాప్‌ల మధ్య ఎంతుంది?

మీటర్‌గేజ్:
150.

ట్రిప్‌పాయింట్:
టకటక అందుకే. తల ఒక గ్యాప్ మీద, తోక ఇంకో గ్యాప్ మీద ఉంటే ఒక చివర పొలారిటీ కుదిరినప్పుడు రెండోది తప్పుతుంది. రివర్సర్ తిప్పుతూనే ఉంటుంది. కోచ్ లైట్లు పీకేసినా లాభం లేదు, మెటల్ చక్రం చాలు గ్యాప్‌ని కలపడానికి. 22 అంగుళాల పూర్తి వలయం 3.5 మీటర్లు వస్తుంది కాబట్టి చోటుకి కొదవ లేదు. గ్యాప్‌లని టర్నౌట్ (పట్టాలు చీలే చోటు) దగ్గరికి జరిపి కనీసం 2.5 మీటర్లు ఉంచండి. రెండు చివర్లా రెండు పట్టాలూ, మొత్తం నాలుగు కోతలు. పాత కోతలకి జాయినర్లు వేసి టంకం పెట్టండి. కొత్త వాటిలో ప్లాస్టిక్ ముక్క అరాల్డైట్‌తో అంటించి పట్టా ఆకారానికి అరగదీయండి. మన చెన్నై ఉక్కకి ప్లైవుడ్ కదిలిందంటే ఖాళీ గ్యాప్ మూసుకుపోతుంది.

బస్‌బార్:
ఇక బ్రేకర్ సంగతి. గ్యాప్ దాటేటప్పుడు వచ్చే షార్ట్ బ్రేకర్‌నీ రివర్సర్‌నీ ఒకేసారి తాకుతుంది. రిలే కాంటాక్ట్ కదిలేందుకు కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది, ఆలోపే ఎలక్ట్రానిక్ బ్రేకర్ కట్ చేసేస్తుంది. పీఎస్ఎక్స్-ఏఆర్ సాలిడ్ స్టేట్, పైగా బ్రేకర్ కూడా అందులోనే ఉంది. దాన్ని మెయిన్ బ్రేకర్ వెనక కాకుండా బూస్టర్ నుంచి నేరుగా ఇవ్వండి. అది ట్రిప్ అయ్యే కరెంటు ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో 3.81 ఆంపియర్లు. మెయిన్‌ది అంతే ఉంటే లూప్‌ని 2.54కి దించండి. పవర్ క్యాబ్ లాంటి 2 ఆంపియర్ల డీసీసీ సిస్టమ్ వాడేవాళ్లు మాత్రం 1.27 పెట్టాలి, లేకపోతే అది అసలు ట్రిప్ అవదు.

పెట్టాక 5 రూపాయల బిళ్ల లూప్‌లో ఫీడర్లకి (పట్టాలకి కరెంటు తెచ్చే సన్న వైర్లకి) దూరంగా పట్టాల మీద అడ్డంగా ఉంచండి. వెంటనే కట్ అవ్వాలి, తీయగానే కరెంటు రావాలి. అవ్వకపోతే తప్పు వైరుది. బస్‌కి (లేఅవుట్ కింద నడిచే మెయిన్ వైరుకి) 2.5 చదరపు మి.మీ., ఫీడర్లకి 0.5, పొడవు జానెడు మించకుండా. రిచీ స్ట్రీట్‌లో ఫీడర్ వైరు కొనేటప్పుడు లోపల రాగో కాదో గీకి చూసుకోండి.

లూప్‌లైన్:
ఒకటి మర్చిపోయారు. పొలారిటీ తిరిగిన క్షణంలో ఇంజన్ ఎగిరిపడితే దాని డీకోడర్‌లో సీవీ29 అనే సెట్టింగ్ చూడండి. 6 ఉంటే అనలాగ్ (మామూలు డీసీతో నడిచే మోడ్) ఆన్‌లో ఉన్నట్టు, 2 రాయండి.

మీటర్‌గేజ్:
ముందు గ్యాప్‌లు జరిపి, ఇంజన్ ఒక్కదాన్నే పంపి చూస్తాను. అప్పటికీ బ్రేకర్ పడితేనే ఆర్డర్.