మైఎస్‌క్యూఎల్ 8.0కి మారాక పాత క్వెరీకి 1064 ఎర్రర్

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ 5.7 వెర్షన్‌లో చక్కగా నడిచిన క్వెరీ అండి, సర్వర్ 8.0కి మార్చగానే 1064 సింటాక్స్ ఎర్రర్ అంటోంది, ఉన్నదల్లా గ్రూప్స్ అనే టేబుల్ నుంచి మామూలు సెలెక్ట్, కామా కూడా మార్చలేదు. ఎక్కడ చూడాలి?

జవాబు 1: ఎర్రర్‌లో నియర్ అన్నాక ఏ పదం చూపిస్తోందో చూడు బ్రో. గ్రూప్స్ అనే కదా? 8.0లో విండో ఫంక్షన్లు (కొన్ని వరుసలను కలిపి చూసి లెక్క చేసేవి) వచ్చాయి, వాటితోపాటు గ్రూప్స్, ర్యాంక్ లాంటివి రిజర్వ్డ్ వర్డ్స్ అయిపోయాయి, అంటే డేటాబేస్ తన కమాండ్ల కోసం ఉంచుకున్న పదాలు. టేబుల్ పేరు చుట్టూ బ్యాక్‌టిక్ పెట్టు, పోతుంది.

ప్రశ్న వేసినవారు: కోట్స్ పెట్టి చూశా, అదే ఎర్రర్.

జవాబు 1: సింగిల్ కోట్స్ పెట్టుంటావ్, అలా పెడితే అది టేబుల్ పేరు కాదు, స్ట్రింగ్ (ఉత్త టెక్స్ట్) కింద లెక్క. బ్యాక్‌టిక్ అంటే చాలా కీబోర్డుల్లో ఎస్కేప్ కీ కింద ఉండేది.

జవాబు 2: డేటాబేస్ పేరు, చుక్క, తర్వాత గ్రూప్స్ అని రాసినా నడుస్తుంది, చుక్క తర్వాత వచ్చేదాన్ని పేరుగానే తీసుకుంటుంది. వేరే డేటాబేస్‌లలో బ్యాక్‌టిక్ బదులు, పోస్ట్‌గ్రెస్‌లో అయితే డబుల్ కోట్స్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో స్క్వేర్ బ్రాకెట్స్. నన్నడిగితే టేబుల్ పేరే యూజర్_గ్రూప్స్ అని మార్చేయండి, ప్రతి క్వెరీలో ఈ టిక్కులు ఎవడు పెడతాడు. మీ మిగతా పేర్లు కూడా రిజర్వ్డ్ ఏమో చూడాలంటే, మైఎస్‌క్యూఎల్‌లోనే ఉండే ఇన్ఫర్మేషన్_స్కీమాలో కీవర్డ్స్ టేబుల్ ఉంది, అందులో వెతికి చూసుకోండి.

ప్రశ్న వేసినవారు: బ్యాక్‌టిక్‌తో వచ్చేసింది, థ్యాంక్స్. ర్యాంక్ అనే కాలమ్ కూడా ఉంది, అదీ మారుస్తా.