సమస్యాపూరణం: నీడ చంపె చెట్టు నీడ పెంచె

నిర్వాహకుడు (అనంతపురం): చీనీ (బత్తాయి) తోటల సీమలో ఉన్నాం కనుక ఈసారి నిమ్మజాతి చెట్లకు కావలసిన ఎండనీడల మీదే పూరణ. ఛందస్సు ఆటవెలది. పైన ఇచ్చిన సమస్యే చివరి పాదం, ముందు మూడు పాదాలు మీరు కట్టాలి. చివరి పాదంలో అక్షరం మారకూడదు, విరుపు మీ ఇష్టం. పద్యంలో చెప్పిన మాట తోటలోనూ నిలవాలి. గణాలు కుదిరి సేద్యం తప్పిన పద్యాన్ని నేను మెచ్చను.

ప్రొద్దుటూరు సోదరి:

ఇంటిలోన నున్న నిమ్మకు వెలుగేది
కొమ్మ సాగె, నాకు కొంత రాలె
వేపచెట్టు కింద వెలుతురు చిలికెను
నీడ చంపె, చెట్టునీడ పెంచె

నిర్వాహకుడు: ‘చెట్టునీడ’ను సమాసం చేసి సమస్యను చక్కగా విప్పారమ్మా. ‘వెలుతురు చిలికెను’ అన్న మాటకు వేపాకుల సందుల్లోంచి నేల మీద పడే ఎండచుక్కలు కళ్లకు కట్టాయి. మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన మైత్రి, మాత్రం తప్పింది. ‘నిమ్మ’లోని ‘ని’ హల్లుతో కూడిన అక్షరం, ‘ఇ’తో మైత్రి లేదు. ‘నేటి వరకు నింట నిమ్మకు వెలుగేది’ అంటే సరిపోతుంది.

సేద్యం సంగతి. వేప నీడ మొక్కకు మజిలీ మాత్రమే, అక్కడే ఉంచేయకూడదు. గదిలో పుట్టిన ఆకు పలుచన, దాన్ని ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే తెల్లబారి మాడిపోతుంది. వారం, పది రోజులు చెట్టు కింద ఉంచి, ఉదయపు ఎండను రోజురోజుకూ కొంచెం పెంచుతూ పోవాలి. ఆ తర్వాత రోజుకు కనీసం ఆరు గంటల నేరు ఎండ తగిలితేనే నిమ్మ సరిగా పూస్తుంది.

తాడిపత్రి రైతు మిత్రుడు:

కాయ మీద నెండ కాల్చెను మచ్చగా
కొమ్మ నరక చీని కొంప మునిగె
గుబురులోని కాయఁ గొవ్విన యెండను
నీడ చంపె, చెట్టునీడ పెంచె

మా పక్క తోటలో ట్రాక్టరు తిరగాలని కింది కొమ్మలన్నీ కొట్టించారు. పడమటి వైపు కాయలు ఎండకు తగిలిన పక్కనే పసుపు తిరిగి, తొక్క తోలులా గట్టిపడ్డాయి. కోస్తే ఆ పక్క తొనల్లో రసం లేదు.

నిర్వాహకుడు: అన్నా, నీడ చంపింది చెట్టును కాదు, కొవ్విన ఎండను! ఈ విరుపు నాకు తట్టలేదు. ‘కాయఁ’ అన్న కర్మ మాత్రం ‘పెంచె’ దాకా ఆగవలసి వచ్చింది, దూరాన్వయం (కలవవలసిన మాటలు దూరమై అర్థం తేలికగా తట్టకపోవడం). ‘గుబురు నిలుపు చోటఁ గొవ్విన యెండను’ అని మారిస్తే ‘చెట్టు, నీడ పెంచె’ అని విడగొట్టవచ్చు. చెట్టు తన నీడను తానే పెంచుకుంటుంది, తోటలో జరిగేదీ అదే. కొమ్మలు కొట్టేసిన చెట్టుకు మొదలు కూడా ఎండకు పగులుతుంది కనుక సున్నం పూయించమనండి.

కర్నూలు సభ్యుడు:

దక్షిణంపు కిటికి దరిఁ జేర దెండయె
వేసవులను తూర్పు వేగు మేలు
దిక్కెఱుంగ కింటఁ దెచ్చిపెట్టిన మొక్క
నీడ చంపె, చెట్టునీడ పెంచె

ప్రొద్దుటూరు సోదరి: చదివిన చోటల్లా నిమ్మకు దక్షిణపు కిటికీయే మేలని ఉంది. మొదటి పాదం దానికి విరుద్ధం కాదా?

నిర్వాహకుడు: ఆ మాట మనకన్నా బాగా ఉత్తరాన ఉన్న చలిదేశాలకు చెల్లుతుందమ్మా. కర్నూలు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ మూడు నెలలూ దక్షిణపు కిటికీలోంచి నేరు ఎండ లోపలికి రాదు. డిసెంబరులో సూర్యుడు దాదాపు 51 డిగ్రీల ఎత్తుకే దక్షిణాన వాలి ఉంటాడు కనుక అప్పుడు అదే కిటికీ బంగారం. తూర్పు కిటికీకి ఏడాది పొడుగునా ఉదయపు ఎండ ఉంటుంది. కిటికీ ఏ దిక్కుదైనా కుండీ దానికి ఆనుకునే ఉండాలి, నాలుగడుగులు లోపలికి జరిగితే వెలుతురు చాలా పడిపోతుంది. కిటికీయే లేకపోతే మొక్కల కోసం చేసిన ఎల్‌ఈడీ దీపం 12 నుంచి 14 గంటలు వెలగాలి.

‘వేసవులను’ అని కాలం చెప్పారు కనుక కర్నూలు వారి మాట నిక్కమే. నా అభ్యంతరం మూడో పాదం మీద. కిటికీల గురించి చెబుతూ చెబుతూ హఠాత్తుగా చెట్టు ఎక్కడి నుంచి వచ్చింది?

కర్నూలు సభ్యుడు: సవరించాను, చూడండి.

గదిని వీడి మొక్క కానుగ దరి జేరె
నీడ చంపె, చెట్టునీడ పెంచె

నిర్వాహకుడు: ఇప్పుడు అతికింది. గ–కా యతి కూడా బాగుంది. కానుగ నీడ వేప నీడకన్నా దట్టం. కుండీని మొదలు దగ్గర కాక తూర్పు అంచున పెట్టండి.