అప్‌డేట్: ఇలినాయ్‌లో రైఫిల్ అఫిడవిట్ దాఖలు చేశాను

2023 జనవరి 10న అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో అమల్లోకి వచ్చిన, ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ల అమ్మకాన్ని నిషేధించిన తుపాకుల చట్టం ప్రకారం, అంతకుముందే నా దగ్గరున్న ఏఆర్-15 రైఫిల్ వివరాలను రాష్ట్ర పోలీసులకు తెలపాలా, లేక ఆ చట్టం చెల్లుతుందో లేదో కోర్టుల్లో తేలేదాకా ఆగాలా అని అప్పట్లో మిమ్మల్ని అడిగాను. గడువు 2024 జనవరి 1 కనుక, డిసెంబరు చివరి వారంలో రైఫిల్‌ను బీరువాలోంచి తీసి, టార్చి వెలుతురులో సీరియల్ నంబరు రెండుసార్లు సరిచూసుకుని, ఆన్‌లైన్‌లో అఫిడవిట్ సమర్పించాను. 30 తూటాల మ్యాగజీన్లు చట్టానికి ముందు కొన్నవే కాబట్టి వాటికి నమోదు అవసరం పడలేదు.

ఆగమన్న మిత్రుల వాదనలో పస లేకపోలేదు. ఆయుధ నియంత్రణకు చారిత్రక సంప్రదాయం ఆధారంగా ఉండాలని 2022లో బ్రూయెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరు 8న ఫెడరల్ జిల్లా జడ్జి స్టీఫెన్ మెక్‌గ్లిన్ ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు కూడా. అయితే ఆ ఉత్తర్వును ఆయనే 30 రోజులు నిలిపి ఉంచగా, ఆలోపే ఏడో సర్క్యూట్ అప్పీలు కోర్టు స్టే ఇచ్చింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2023 ఆగస్టులోనే 4-3తో చట్టాన్ని సమర్థించిన సంగతి నేను మొదటే చెప్పి ఉండవలసింది. గ్రీన్‌కార్డు మీద ఉన్న నాబోటివాడు గెలుపు మీద ఆశతో క్రిమినల్ కేసు కొని తెచ్చుకోవడం నాకు సబబనిపించలేదు.