బాపమ్మ ఆసు ఇంట్ల పడ్తలేదు, ఏం చెయ్యాలె?

పోచంపల్లి పోరడు:
బాపమ్మ పోయి ఏడాది దాటింది. ఊళ్లె పెంకుటిల్లు కూలగొట్టి స్లాబ్ పోస్తున్నం. సామాను అంత సర్దినం గని ఆమె ఆసు, అంటే నేతకు దారం పోసే కట్టె చట్రం, అదొక్కటి మిగిలింది. నాదేమో మియాపూర్‌ల రెండు రూముల కిరాయిల్లు, అంత వెడల్పు గోడనే లేదు. "పొయ్యిల పెట్టున్రి" అంటడు బాపు. అన్నాక ఆయనే పోయి దానిమీద పాత చద్దరు కప్పొస్తడు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. చిటికి చీర, అంటే ఇక్కత్ చీర, నెయ్యాలంటే, రంగు అద్దకముందే పేక దారాన్ని ఆసు మీద పొయ్యాలె. ఒక దిక్కు ఒక్కటే మేకు, ఎదురుంగ అర్ధచంద్రం లెక్క మేకుల వరుస. దారం పట్టుకున్న చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒక్క చీరకు 9,000 సార్లు తిరగాలె. బాపమ్మ రోజుకు రెండు చీరలకు పోసేది, నడుమ వంట. తాత మగ్గం మీద కూసుంటుండె కాబట్టి ఊరంత ఆయనను నేతగాడనేది. ఆమెకైతే ఏ పేరూ లేకుండె.

చింతకింది మల్లేశం సారు వాళ్లమ్మ కష్టం చూడలేక 1999ల ఆసు మిషన్ తయారు చేసిండు. దానికి ఆమె పేరే, లక్ష్మి అని పెట్టిండు. 2017ల పద్మశ్రీ కూడ వచ్చింది. మా ఇంటికి మిషన్ వచ్చేసరికి బాపమ్మ కుడి భుజం లేస్తలేదు, రవిక తొడగాలంటే మా అమ్మ ఉండాలె. మిషన్ నడుస్తుంటే పది నిమిషాలు నిలబడి చూసి, "దీనికి చాయ్ గూడ వద్దా?" అన్నది.

ఆఖరి వారం దవాఖానల ఆ చెయ్యే దుప్పటి మీద కదులుతుండె. నర్సమ్మ ఫిట్స్ అనుకోని డాక్టర్ కోసం ఉరికింది. బాపు మంచం పక్కన నిలబడి, "ఫిట్స్ గాదమ్మా, ఆసు పోస్తున్నది" అన్నడు. నేను ఫోన్ జేబులకెళ్లి తియ్యలే. తియ్యకపోవుడే మంచిదైందో ఏమో.

ఇప్పుడు దీన్ని ఏం చెయ్యాలె?

చీరాల అంచు:
హాల్లో గోడకి తగిలించి చుట్టూ చిన్న లైట్లు పెట్టించండి. మా పిన్నిగారు పాత రాట్నాన్ని అలాగే చేయించారు, ఎవరొచ్చినా దాని గురించే అడుగుతారు. ఎంత బావుంటుందో!

పుట్టపాక చిటికి:
తమ్మీ, గోడకు మాత్రం కొట్టకు. మా అమ్మది నేను గట్లనే కొట్టిన. ఆమె రెండు రోజులు చూసి, "నా రెక్క తీస్కపోయి గోడకు తగిలిచ్చినట్టుందిరా, తియ్యి" అన్నది. తీసేసిన. చూసెటోళ్లకు అది బొమ్మ. పోసినోళ్లకు రెక్కల నొప్పి.
ఇంకో మాట. పొయ్యి మాట ఇప్పుడే ఎత్తకున్రి. ముందు చద్దరు తీసి మేకుమేకుకు చెయ్యి పెట్టి చూడు. మా అమ్మ ఆసుకు కొసన ఉన్న రెండు మేకులు వేరే తీరుగ అరిగినయి. ఆడ ఆమె చెయ్యి ఆగి తిరిగేది.

వడ్లోళ్ల పిల్లగాడు:
విప్పి పెట్టుకోవచ్చు అన్నా. మేకులకు వరుసగ నంబర్లు రాయి, విప్పేముందు ఫోటో తియ్యి. కట్టెకు వేపనూనె పట్టించి రెండు దినాలు నీడకు పెట్టు, లేకుంటే చెదలు. మంచం కింద ఆరామ్‌గ పడ్తది. నూలు బట్టల చుట్టాలె, ప్లాస్టిక్ వద్దు, చెమ్మ పడ్తది.

పోచంపల్లి పోరడు:
అక్కా, ఆదివారం పోయిన. మేకులు చూసిన. మా దాంట్ల కొసన గాదు, నడిమిల ఒకటి మేకే గాదు. సైకిల్ చువ్వ, వంచి దిగగొట్టిన్రు. తాత సైకిల్‌దే అయుంటది, ఇంట్ల ఇంకో సైకిల్ లేకుండె. మేకు ఎప్పుడు విరిగిందో, ఆ దినం పని ఎంతసేపు ఆగిందో బాపుకు గూడ తెల్వదు.
నంబర్లు రాస్తుంటే ఆయనొచ్చి పక్కన కూసున్నడు. చువ్వకు మాత్రం నంబరు వద్దన్నడు.