మెట్లు దిగుతున్నట్టు ఊహించుకుంటే త్వరగా ధ్యానం కుదురుతుందా, లేక అది పగటికలేనా?

రాత్రిడ్యూటీ:
కాకినాడలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ. తెల్లవారుజామున మూడు, మూడున్నర మధ్య వార్డు కాస్త సద్దుమణిగితే, పక్క సిస్టర్‌కి చెప్పి 15 నిమిషాలు డ్యూటీ రూమ్‌లో కూర్చుంటాను. ఇదివరకు శ్వాసను గమనించేదాన్ని. కూర్చున్నంతసేపూ "ఐదో బెడ్‌కి సెలైన్ మార్చానా, ఆరో బెడ్ బీపీ రాశానా" అన్న లెక్కలతోనే సరిపోయేది.

రెండు నెలలుగా ఇంకో పద్ధతి పట్టుకున్నాను. మా అమ్మమ్మగారి ఊళ్ళో దిగుడుబావి ఉండేది. కళ్ళు మూసుకుని అందులోకి దిగుతాను. మొదటి మెట్టు ఎండకి కాలి ఉంటుంది, అరికాలు చురుక్కుమంటుంది. మూడో మెట్టు దగ్గర నీడ మొదలవుతుంది. ఆరో మెట్టుకి రాయి చల్లబడుతుంది, పాచి వాసన తగులుతుంది. తొమ్మిదో మెట్టు మీద నీళ్ళు పాదాలకి అందుతాయి. అక్కడికి చేరేసరికి సెలైన్ లేదు, బీపీ లేదు. కాసేపటికి బావి కూడా ఉండదు. రెండు మూడు నిమిషాలు అలా ఉండిపోతాను. మొత్తం కలిపి పది నిమిషాలు పట్టదు.

మా బంధువు ఒకాయన ఇరవై ఏళ్ళుగా ధ్యానం చేస్తున్నారు. ఆయనకి చెబితే "అది ధ్యానం కాదమ్మా, నిన్ను నువ్వు నిద్రపుచ్చుకోవడం. దగ్గరదారులు వెతక్కు" అన్నారు. మనసు చివుక్కుమంది. మీరేమంటారు?

నల్లగొండ నడక:
అక్కా, ఆయన మాట కటువుగున్నది గని తప్పైతే కాదు. నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న విపశ్యన కేంద్రంల పదిరోజుల శిబిరం మూడుసార్లు చేసిన. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర తగిలే గాలి తప్ప ఇంకోటి లేదు. మంత్రం కలపొద్దు, రూపం కలపొద్దు అని ఈ విపశ్యన నేర్పిన గోయంకా గారు ఖరాఖండిగ చెప్పిండ్రు. ఉన్నది ఉన్నట్టు చూసుడే ఆ సాధన. మీ బావి ఆ డ్యూటీ రూమ్‌ల లేదు. ఎండ మీరు పెట్టిందే, నీళ్ళు మీరు పోసినవే. మనసు తను చేసుకున్న బొమ్మతోని తనే ఆడుకుంటది. శ్వాస గట్ల కాదు, మీరేం చెయ్యకున్నా నడుస్తది. 15 నిమిషాలల్ల కుదరాలంటే కష్టమే, ఒప్పుకుంట. కానీ తొందరగ కావాలె అన్న ఆ కోరికనే ముందుగాల చూడాలె.

గౌతమీతీరం:
అమ్మాయీ, నాకు 71 ఏళ్ళు. రాజమండ్రిలో మా ఇంట్లో లలితా సహస్రనామ పారాయణ మూడు తరాలుగా ఉంది. పారాయణకి ముందు అంగన్యాస కరన్యాసాలు (మంత్రం చెబుతూ వేళ్ళనీ శరీరభాగాలనీ తాకడం), ఆ తరవాత ధ్యానశ్లోకం. "సిందూరారుణ విగ్రహాం" అనగానే ఎరుపు రంగు కళ్ళ ముందుకి రావాలని మా నాయనమ్మ అనేది. రాకపోతే మళ్ళీ మొదలుపెట్టించేది! ఆ శ్లోకానికి ధ్యానశ్లోకం అనే పేరు ఊరికే పెట్టారా? రూపాన్ని భావించడం పగటికల అయితే మన ఇళ్ళలో పూజగది ముందు కూర్చున్న వాళ్ళందరూ కలలు కన్నవాళ్ళే అవ్వాలి.

యోగసూత్రాలు రాసిన పతంజలి కూడా దారి మూసెయ్యలేదు. శ్వాస గురించి ఒక సూత్రం, వెలుగు గురించి ఒకటి, ఇలా వరసగా చెప్పి, చివరికి "యథాభిమత ధ్యానాద్వా" అన్నాడు. నీకు ఇష్టమైనదాన్ని ధ్యానించినా సరే అని. ఆ అమ్మాయికి అమ్మమ్మ ఊరి బావి ఇష్టం. నల్లగొండ తమ్ముడికి శ్వాస ఇష్టం. ఇందులో తగువేముంది?

నల్లగొండ నడక:
తగువు కాదు పెద్దాయనా. అమ్మవారి రూపం మీ నాయనమ్మ కల్పించింది కాదు, పరంపరల వచ్చింది. బావి బొమ్మ ఈ అక్క సొంతంగ కట్టుకున్నది. రెండూ ఒకటే అంటే నాకు మింగుడు పడ్తలేదు. ఇంకో మాట. అలలు, మెట్లు, లిఫ్టు దిగుడు, పది నుంచి ఒకటికి వెనక్కి లెక్కపెట్టుడు, ఇవన్నీ హిప్నాటిజం చేసేటోళ్ళు మనిషిని ఇంకా లోతుకు దింపనీకె వాడే పద్ధతులు. నిద్రపుచ్చుకొనుడు అని వాళ్ళ బంధువు అన్నది అందుకే కావొచ్చు.

స్తూపం నీడ:
మాది అమరావతి. బౌద్ధం పేరుతో రూపాన్ని పూర్తిగా పక్కన పెట్టడం సరికాదని నా అభిప్రాయం. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమార్గంలో 40 ధ్యాన విషయాలుంటే, అందులో పది కసిణాలు, అంటే మనసు నిలపడానికి చూస్తూ కూర్చునే మట్టి, నీరు, రంగు లాంటి ఆధారాలు. మొదటిది పృథ్వీ కసిణం. తొలిపొద్దు రంగున్న మట్టి తెచ్చి, జానెడు నాలుగువేళ్ళ వెడల్పున గుండ్రంగా అలికి, దాన్నే చూస్తూ కూర్చోవాలి. కళ్ళు మూసినా తెరిచినప్పుడు కనిపించినంత స్పష్టంగా కనిపించేదాకా. ఆ తరవాత మట్టి బిళ్ళ అవసరం ఉండదు. లోపలి రూపమే ఆధారం. పైగా ఆ లోపలి రూపం మొదట్లో మట్టిలోని మరకలతో సహా కనిపిస్తుంది, సాధన ముదిరితే మబ్బు చాటు నుంచి బయటపడ్డ చంద్రబింబంలా తేరుతుందని అందులోనే ఉంది. దీన్ని ఊహ అందామా, దర్శనం అందామా?

2006 జనవరిలో దలైలామా మా ఊళ్ళో కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ దీక్ష ఇచ్చారు. నేనప్పుడు ఇంటర్ చదువుతున్నాను. భిక్షువులు రంగు ఇసుకతో మండలం (దేవతల నివాసాన్ని చూపే పటం) వేస్తుంటే నోరు తెరుచుకుని చూశాను. అందులో 722 మంది దేవతలు. సాధకుడు ఆ మండలమంతా మనసులో కట్టుకోవాలి, ప్రతి ద్వారం, ప్రతి రంగు. అంతా అయ్యాక ఆ ఇసుకని ఊడ్చి నీళ్ళలో కలపడం ఆచారం. మనసులో కట్టినదాన్ని కూడా అంతే, కరిగించెయ్యాలి. నన్నడిగితే ఈ చర్చలో అసలు విషయం ఆ కరిగించడమే. సిస్టర్ గారు "కాసేపటికి బావి కూడా ఉండదు" అని రాశారు చూడండి, అందరం ఆ వాక్యం దాటేసి మెట్ల గురించి మాట్లాడుకుంటున్నాం.

త్వరగా అన్నదాని గురించి ఒక హెచ్చరిక. సింగపూర్‌లో కొజెవ్నికోవ్ అనే పరిశోధకురాలి బృందం 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. థేరవాద (శ్రీలంక, బర్మాల్లోని బౌద్ధం) పద్ధతుల్లో కూర్చున్నవాళ్ళ శరీరం విశ్రాంతి వైపు వెళ్ళింది. తామే దేవతగా భావించుకునే వజ్రయాన (టిబెటన్ బౌద్ధం) సాధకుల్లో విశ్రాంతికి బదులు చురుకుదనం పెరిగింది. కాబట్టి ఊహతో కూర్చున్న ప్రతివాళ్ళూ ఒకే చోటుకి చేరరు. మీకు కావలసింది విశ్రాంతా, మెలకువా అన్నది ముందు తేల్చుకోవాలి.

చీకటితెర:
డాలస్ నుంచి. ఈ చర్చలో నాలాంటివాళ్ళ మాట కూడా ఉండాలని రాస్తున్నాను. కళ్ళు మూసుకుంటే నాకు ఏమీ కనిపించదు. అమ్మ ముఖం కూడా. "నీలి కమలాన్ని చూడండి" అంటే అది మాటవరసకి అంటున్నారనే 34 ఏళ్ళు అనుకున్నాను. మిగతావాళ్ళకి నిజంగానే కనిపిస్తుందని తెలిసిన రోజు రాత్రి నిద్రపట్టలేదు. దీనికి 2015లో ఆడమ్ జీమన్ అనే న్యూరాలజిస్టు అఫాంటేసియా అని పేరు పెట్టారు. 1880లోనే గాల్టన్ అనే ఇంగ్లిష్ శాస్త్రవేత్త "పొద్దున మీ టిఫిన్ బల్ల గుర్తు తెచ్చుకోండి, ఏం కనిపిస్తోంది" అని అడిగితే, అసలేమీ కనిపించదన్నవాళ్ళు అప్పుడే తేలారు. అయినా ధ్యానం క్లాసుల్లో "కనిపించడం లేదండీ" అంటే "మీ ఏకాగ్రత చాలదు, ఇంకా ప్రయత్నించండి" అనే అంటారు. ఆరేళ్ళు అలా నన్ను నేనే తిట్టుకున్నాను.

సిస్టర్ గారూ, మీ పోస్టు చదివి నేనూ దిగి చూశాను. బావి కనిపించలేదు. కానీ అరికాలి చురుకు తెలిసింది! ఆ తరవాత చల్లదనం, పాదాలకి తడి. మీ బావిలో పనిచేస్తున్నది బొమ్మ కాదేమో, స్పర్శేమో. ఒకసారి చూపుని పక్కన పెట్టి దిగి చూస్తారా?

దివిసీమ మట్టి:
ఊహ మంచిదా కాదా అంటున్నారు. ఎవరి ఊహ అని కూడా అడగాలి. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి మా అమ్మకి 11 ఏళ్ళు. ఇద్దరు తమ్ముళ్ళు పోయారు. మూడేళ్ళ కిందట మోకాళ్ళ నొప్పులకి మంచిదని ఆమెని ఒక యోగా తరగతికి తీసుకెళ్ళాను. చివర్లో అందరినీ పడుకోబెట్టి "మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు, అలలు మెల్లగా మీ పాదాలని తాకుతున్నాయి" అన్నారు. అమ్మ ఒక్కసారిగా లేచి గోడకి ఆనుకుంది. ఊపిరి అందలేదు. చెమటలు. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ చెప్పిన అమ్మాయిది దురుద్దేశం కాదు. సముద్రం అంటే అందరికీ ప్రశాంతం అనుకుంది, అంతే.

ఇప్పుడు అమ్మ మజ్జిగ చిలుకుతున్నట్టు అనుకుంటుంది. కవ్వం తాడు కుడిచేత్తో లాగితే ఊపిరి లోపలికి, ఎడమచేత్తో లాగితే బయటికి. ఎవరూ చెప్పలేదు, తనే వెతుక్కుంది. ఐదు నిమిషాల్లో ముఖం తేటబడుతుంది. దాన్ని ధ్యానం అంటారో మరొకటి అంటారో నాకు అక్కర్లేదు.

ఓపీ గది:
విశాఖలో మానసిక వైద్య విభాగంలో కౌన్సెలింగ్ చేస్తాను. దివిసీమ మిత్రుడు రాసింది మేం చూసేదే. దృశ్యం మాట కన్నా భావోద్వేగాన్ని బలంగా కదుపుతుంది. ఆ బలం వల్లే అది కొందరిని త్వరగా కుదురుస్తుంది, ఆ బలం వల్లే కొందరిని గాయం దగ్గరికి తోసేస్తుంది. ఒకరు చెప్పిన దృశ్యం కన్నా తాము ఎంచుకున్నది మేలు అనేది అందుకే.

రాత్రిడ్యూటీ గారి విషయంలో నాకు తోచింది ఇది. సెలైన్, బీపీ ఆలోచనలు మాటల రూపంలో తిరుగుతుంటాయి. శ్వాస చాలా సున్నితమైన ఆధారం, అలసిన మనసుకి పట్టు దొరకదు. మెట్లు లెక్కపెడుతూ, వేడీ చల్లదనం గమనిస్తూ దిగడం మనసుకి చేతినిండా పని. ఆలోచనలకి చోటు తగ్గుతుంది. చీకటితెర గారు పట్టుకున్న స్పర్శ సంగతి కూడా కొత్తది కాదు. 1932లో జర్మన్ వైద్యుడు షుల్జ్ ప్రచురించిన ఆటోజెనిక్ శిక్షణ "చెయ్యి బరువుగా ఉంది, వెచ్చగా ఉంది" అన్న భావనతోనే మొదలవుతుంది. బీహార్‌లోని ముంగేర్‌లో సత్యానంద సరస్వతి గారు రూపొందించిన యోగనిద్రలోనూ ముందు శరీర భాగాల మీద ఎరుక తిప్పి, శ్వాస దగ్గరికి తెచ్చి, బరువు-తేలిక, వేడి-చల్లదనం చూపించి, ఆ తరవాతే దృశ్యాలు. సిస్టర్ గారి బావిలో ఈ రెండూ కలిసిపోయాయి.

ఒక్క జాగ్రత్త. తెల్లవారుజాము మూడంటే శరీరం నిద్ర కోరే వేళ. లేచిన వెంటనే మందు మోతాదులు చూడొద్దు. ముఖం కడుక్కుని, నాలుగడుగులు వేశాకే.

నల్లగొండ నడక:
దివిసీమ అన్నా, మీ అమ్మగారి సంగతి చదివి చానసేపు ఏం రాయబుద్ధి కాలే. నేను ముందు రాసిన దాంట్ల ఒకటి సరిచేసుకుంట. సొంతంగ కట్టుకున్న బొమ్మకు విలువ లేదన్నట్టు రాసిన. అది తప్పు. కానీ నా అసలు భయం అట్లనే ఉన్నది. ఆ రెండు మూడు నిమిషాల సుఖం కోసమే మనిషి రోజూ దిగుడు మొదలుపెడ్తడు. సుఖం రాని రోజు కలతపడ్తడు.

గౌతమీతీరం:
ఆ భయం సరైనదే నాయనా. అద్వైత గురువు గౌడపాదులవారి కారికల్లో ఉంది: "లయే సంబోధయేచ్చిత్తం", మనసు నిద్రలోకి జారితే లేపు. వెంటనే "నాస్వాదయేత్ సుఖం తత్ర", అక్కడ దొరికిన సుఖాన్ని చప్పరిస్తూ కూర్చోకు. అమ్మాయి బంధువుగారు మొదటి ప్రమాదం చెప్పారు, నువ్వు రెండోది చెప్పావు. కానీ ఇవి శ్వాస మీద కూర్చున్నవాళ్ళకీ ఉన్న ప్రమాదాలే.

రమణ మహర్షి ఉపదేశసారంలో "భావశూన్య సద్భావ సుస్థితిః భావనాబలాత్" అన్నారు. భావనలు లేని స్థితికి చేరేది భావన బలం వల్లనే. స్తూపం నీడ గారి ఇసుక మండలానికీ దీనికీ నాకు తేడా కనిపించడం లేదు.

ఇంకొకటి గుర్తొస్తోంది. పోతనగారు చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి, ఇసుకతిన్నె మీద కళ్ళు అరమోడ్చి కూర్చున్నది మహేశ్వరుణ్ణి ధ్యానించడానికి. కనిపించింది రాముడు. తలుచుకున్నది ఒకటి, వచ్చింది ఇంకొకటి. మనం కట్టుకున్న రూపం మనసుని కూర్చోబెట్టడానికే. ఆ తరవాత వచ్చేది మన చేతిలో ఉండదు.

స్తూపం నీడ:
మనసులో వెలుగుని బలవంతంగా చూడొద్దు, హృదయంలో ఉందని మెల్లగా అనుకుని ఊరుకో అనే పద్ధతి కూడా ఉంది. హైదరాబాద్ దగ్గర మన కన్హా శాంతివనంలో హార్ట్‌ఫుల్‌నెస్ అనే ధ్యాన సంస్థ వాళ్ళు నేర్పేది అదే. చీకటితెర గారికి అది సరిపడొచ్చు, చూడాల్సిన పని ఉండదు.

రాత్రిడ్యూటీ:
మూడు వారాల తరవాత రాస్తున్నాను. అందరివీ చదివాను, కొన్ని రెండుసార్లు.

ముందు నిజం చెప్పాలి. 11 రాత్రులు కూర్చున్నాను. మూడు రాత్రులు కునుకే పట్టింది, మా బంధువు అన్నది ఆ రాత్రులకి సరిపోతుంది. అందుకని గోడకి ఆనుకోవడం మానేసి, కళ్ళు సగం తెరిచి కూర్చుంటున్నాను. బావి మసకగా ఉంటోంది కానీ కునుకు రావడం లేదు.

చీకటితెర తమ్ముడు చెప్పినట్టు చూపు వదిలేసి దిగాను. రెండు రాత్రులు ఏమీ కుదరలేదు. మూడో రాత్రి ఒక్క మెట్టుతోనే సరిపోయింది. అరికాలి కింద వేడి, అంతే. తొమ్మిది మెట్లూ అక్కర్లేకపోయింది.

నల్లగొండ తమ్ముడూ, ఆ బావి డ్యూటీ రూమ్‌లో లేదన్నారు. ఊళ్ళో కూడా లేదు. బోర్లు వచ్చాక పూడ్చేశారు, దాని మీద ఇప్పుడు సిమెంటు రోడ్డు. అది రాయకుండా దాచుకున్నాను. ఆ మెట్ల మీద అమ్మమ్మ బిందె దించుకుని కూర్చునేది. ఏ రాత్రీ ఆవిడ నా ఊహలోకి రాలేదు. మొన్న, దేన్నీ తలుచుకోకుండా ఉన్న ఆ కాసేపట్లో, తడిసిన చీర చెంగు వాసన వచ్చింది. కళ్ళు తెరిచి ఏడ్చాను. అది ధ్యానం చెదరడమా, కుదరడమా?

నల్లగొండ నడక:
అక్కా, వాసన వచ్చింది, నీళ్ళు వచ్చినయ్. మీరు కట్టింది కాదు గద అది. ఈసారి వస్తే లేవకుండ్రి, గట్లనే కూసోండ్రి. ముఖం కడుక్కున్నంకనే మందులు ముట్టుండ్రి.