పాత టేకు ఫ్రేములోంచి పొడి రాలుతోంది, బొమ్మ బిగించొచ్చా?

ప్రశ్న: విజయనగరంలో గంటస్తంభం దగ్గర పాత సామాన్ల కొట్లో నాలుగు టేకు ఫ్రేములు నాలుగొందలకి తెచ్చాను. మా చెల్లి సవర గిరిజనుల బొమ్మల పద్ధతిలో, ఎర్రమట్టి రంగు మీద తెల్లగా, కాగితం మీద వేసినవి వీటిలో పెడదామని. తీరా చూస్తే ఒకదానికి సూది బెజ్జాలు, తడితే పిండిలా పొడి. ఇంకోదాని మూల విడిపోయింది. కిరసనాయిలు పూసి పైన నల్ల ఎనామిల్ కొట్టేయమంటున్నాడు మా మావయ్య. కొట్టేయనా?

జవాబు: ఆగమ్మా, మావయ్యని కూడా ఆగమను. కిరసనాయిలు లోపలి పురుగు దాకా వెళ్తుందని నమ్మకం లేదు, ఆ జిడ్డు మాత్రం రేపు బొమ్మ కాగితానికి ఎక్కుతుంది. టేకు చేవకి, అంటే మాను లోపలి గట్టి కర్రకి, పుచ్చు అంత తేలిగ్గా పట్టదు, కాబట్టి అంచున తెల్లచెక్క (మాను బయటివైపు మెత్తటి కర్ర) ఉండాలి, లేదా కొట్టువాడు టేకని అంటగట్టిన వేరే కర్ర. పొడంతా దులిపి, నల్ల కాగితం మీద రెండు మూడు వారాలు విడిగా పెట్టు. కొత్త పొడి పడిందా, పురుగు బతికే ఉంది. చిన్న ఫ్రేమే అయితే పాలిథిన్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచు. తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకు, విప్పితే కర్రకి చెమ్మ పడుతుంది.

మూలకి కొత్త మేకు దిగ్గొట్టొద్దు, చీలిపోతుంది. మూలలో ఉన్న పాత వజ్రం బంక (వడ్రంగులు వాడే జంతు చర్మపు జిగురు) గోరువెచ్చటి నీళ్ల గుడ్డతో మెత్తబరిచి గీకేయాలి, దాని మీద ఫెవికాల్ పట్టదు. ఆరాక అంటించి, సైకిల్ ట్యూబు ముక్కతో చుట్టూ బిగించి, మూల నుంచి మూలకి దారంతో కొలువు. రెండు కొలతలూ సమానం కాకపోతే అద్దం కూర్చోదు. ఒక రోజు కదపకు.

ఇంకొకరు: ఎనామిల్ ఎందుకండీ, కనపడని చోట స్పిరిట్ దూది రాసి చూడండి, జిగటగా వస్తే అది లక్క పాలిష్. పల్చగా ఇంకో రెండు పూతలు వేస్తే చాలు, పాతదనం పోదు. బంగారు రంగు అంచుంటే మాత్రం తడిగుడ్డ తగలనివ్వకండి.

అడిగినావిడ: ధన్యవాదాలు. ఫ్రీజర్‌లో చోటు కోసం అమ్మతో ఒక యుద్ధం అయింది, రొయ్యలు పక్కింటికి వెళ్లాయి. వెనక పాత అట్టే వాడుకోవచ్చా?

జవాబు: గోధుమరంగుకి తిరిగిన ఆ అట్ట పారేయ్, దాని ఆమ్లం కాగితాన్ని పసుపు చేస్తుంది. ఆమ్లం లేని మౌంట్ బోర్డు అని అడిగి కొను, ఒకటి బొమ్మ వెనక పెట్టు, ఇంకోటి మధ్యలో కిటికీలా కోసి, బొమ్మ అద్దానికి తగలకుండా ముందు పెట్టు. బొమ్మని వెనక బోర్డుకి అంటించడానికి సెల్లోటేపు వద్దు, మైదా వద్దు. మైదాకి పురుగు చేరుతుంది. పల్చటి కాగితం ముక్కలు రెండు పై అంచునే, గోధుమ గంజితో పల్చగా అంటించు. అరెరె, గంజీ పిండే కదా అంటావు, నిజమే, అందుకే చుక్కంత చాలు.