ఇల్లు అమ్మే ముందు వంటగది మార్పించాలా? అన్నయ్యకూ నాకూ మాట కుదరడం లేదు

వరండా:
అందరికీ నమస్కారం. మా అమ్మానాన్నల ఇల్లు అమ్మాలనుకుంటున్నాం. కట్టి 26 ఏళ్లయింది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చేసింది, ఇంటికి తాళం వేసి ఏడాది దాటింది.

వంటగది గట్టు, అల్మరాలు పీకించి కొత్తవి పెట్టిస్తే, బాత్‌రూమ్ టైల్స్ కూడా మారిస్తే కొనేవాళ్లు ఎగబడతారని అన్నయ్య అంటున్నాడు. దానికి అప్పు చెయ్యాలి. ఇల్లు ఎప్పుడు అమ్ముడుపోతుందో తెలియకుండా వడ్డీ కట్టుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అలాగని ఉన్నదున్నట్టు చూపిస్తే మరీ తగ్గించి అడుగుతారేమోనని టెన్షన్‌గానూ ఉంది.

మొన్న వెళ్లి లోపాలన్నీ రాసుకొచ్చాను. హాల్లో కిటికీ కింద జానెడు మేర రంగు పొక్కి రాలుతోంది, గీస్తే వేలికి తెల్లటి పొడి అంటింది. బాత్‌రూమ్ కుళాయి కారుతోంది. వెనక తలుపు నేలకు రాసుకుంటోంది. వంటగది అల్మరా తలుపు ఒకటి ఒరిగిపోయింది. మూడు స్విచ్చులు పనిచెయ్యడం లేదు. తాళం తియ్యగానే మురుగు వాసన. గోడల నిండా మేకులు. పడకగది ద్వారబంధం మీద మా ఇద్దరి ఎత్తులు కొలిచి నాన్న గీసిన పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి. రంగు వేయిస్తే అవీ పోతాయి.

ఏది చేయించాలి, ఏది వదిలెయ్యాలి? ఈ మధ్య ఇల్లు అమ్మినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మెట్లదారి:
వంటగది ముట్టుకోకండి. మీరు ఎంచిన రాయి, మీరు ఎంచిన రంగు కొనేవాళ్లకు నచ్చాలని ఏముంది? ఇంట్లో దిగిన ఆర్నెల్లకు తమకు నచ్చినట్టు మార్చుకుంటారు, మీ ఖర్చుకు విలువ కట్టరు. పైగా చుట్టుపక్కల అలాంటి ఇళ్లు ఎంతకు పోతున్నాయో దానికి బాగా మించి ఇచ్చేవాళ్లు దొరకడం కష్టం. అన్నయ్యతో వాదన పెట్టుకునే ముందు ఈ ఏడాది మీ వైపు నిజంగా అమ్ముడైన మూడు నాలుగు ఇళ్ల ధరలు కనుక్కోండి. యజమాని చెప్పిన ధర కాదు, చివరికి తెగిన ధర. కొత్త వంటగది ఉన్న ఇంటికీ లేని ఇంటికీ తేడా ఎంతో, కాంట్రాక్టర్ అడిగేది ఎంతో పక్కపక్కన రాసి చూపించండి.

కిటికీ కింద రంగు పొక్కించిన ఆ చెమ్మను మాత్రం వదలకండి. రెండేళ్ల కిందట మా ఇల్లు అమ్మినప్పుడు నేను చేసిన పొరపాటు అదే. మరక మీద లప్పం పెట్టించి రంగు వేయించేశాను. మూడు వారాలకు ఒకాయన చూడ్డానికి వచ్చారు. గదులన్నీ నచ్చాయన్నారు. ఆ గోడ దగ్గర ఆగి అరచెయ్యి ఆనించారు, గోటితో కొంచెం నొక్కేసరికి కొత్త రంగు పొరలా లేచి వచ్చింది. ఏమీ అనలేదు. కానీ అప్పటిదాకా మెచ్చుకున్న ఇంటిని మళ్లీ మొదటినుంచి చూడడం మొదలుపెట్టారు. కుళాయిలన్నీ తిప్పారు, సింకు కింద టార్చి వేసి చూశారు. ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఆయన చోట నేనున్నా వెనక్కి తగ్గేవాణ్నే. తర్వాత గోడలో పైపు సరిచేయించి, బాగా ఆరనిచ్చి, ఇక వచ్చినవాళ్లందరికీ నేనే ముందు చెప్పి బిల్లు చూపించాను. కొన్నవాళ్లు ఆ గోడ గురించి ఒక్క రూపాయి కూడా తగ్గించమనలేదు.

మేకులు పీకించి, కన్నాలు పూడ్పించి, ఇల్లంతా ఒకటే లేత రంగు వేయించండి. పాత గోడలకు మెరిసే రంగు వద్దు, పక్కనుంచి వెలుతురు పడితే ప్రతి గుంటా కనిపిస్తుంది.

తాపీపని:
ఆ తెల్ల పొడి చాలావరకు ఉప్పే అయ్యుంటుంది, బూజు కాదు. ఇటుకలో, సిమెంటులో ఉండే లవణాలు నీళ్లతో పాటు గోడ పైకి వచ్చి, తడి ఆరాక అలా మిగులుతాయి. అంటే ఎక్కడినుంచో నీళ్లు దిగుతున్నాయి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చండి.

కిటికీ కిందే అంటున్నారు కాబట్టి ముందు బయటివైపు చూడండి. చట్రానికీ గోడకూ మధ్య సందు గానీ, కింది అంచులో పగులు గానీ ఉంటే వాన నీళ్లు అక్కడే దిగుతాయి. అనుమానం తీరకపోతే, పక్కనే రంగు గట్టిగా ఉన్న చోట అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు వేసి రెండు రోజులు ఉంచండి. గోడ వైపు తడి పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. గది వైపు పడితే గాలి ఆడక పట్టిన చెమ్మ. సందు మూసినా గోడ ఆరడానికి వారాలు పడుతుంది, అందుకే అన్నిటికన్నా ముందు ఈ పని పెట్టుకోండి.

వాసనకు బహుశా ఖర్చే ఉండదు. తూముల కింద వంపు గొట్టంలో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి మురుగు గాలిని ఆపుతాయి. ఏడాదిగా వాడకం లేదు కదా, అవి ఎండిపోయి ఉంటాయి. ప్రతి తూములో చెంబెడు నీళ్లు పొయ్యండి.

కుళాయికి చాలాసార్లు వాషర్ మారిస్తే సరిపోతుంది. సెకనుకో చుక్క అంటే రోజుకు 86,400 చుక్కలు, బకెట్ నిండిపోతుంది. తలుపును చిత్రిక పట్టించే ముందు బందుల స్క్రూలు బిగించి చూడండి, ఒరిగిన తలుపే నేలకు రాసుకుంటుంది. అల్మరా తలుపూ అంతే. స్విచ్చులు మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే.

ఆ ద్వారబంధానికి రంగు వెయ్యకపోతే ఎవరూ బేరం మానుకోరు. అయినా వెయ్యాలనుకుంటే పొడుగు కాగితం ఆనించి గీతలు దించుకోండి.

వరండా:
పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. తాపీపని గారు చెప్పినట్టే బయట కిటికీ కింది అంచులో గోరు పట్టేంత పగులు ఉంది. అన్నయ్యను కూడా తీసుకెళ్లాను. తనే చెంబుతో నీళ్లు పోశాడు, కాసేపటికి లోపల ఆ పొక్కుల దగ్గరే గోడ నల్లబడింది. దాన్ని చూశాక వంటగది మాట ఎత్తలేదు. మెట్లదారి గారు చెప్పిన లెక్క రాసి చూపించాక అప్పు ఆలోచన కూడా మానుకున్నాడు.

వాసన మర్నాటికే పోయింది. వెనక తలుపు పైబందుకు రెండు స్క్రూలు వదులైపోయి ఉన్నాయి, బిగిస్తే సాఫీగా పడుతోంది. గీతలు కాగితం మీదికి దించాం. అన్నయ్య పట్టుకుంటే నేను గీశాను, నాన్న రాసిన తేదీలతో సహా.

నిన్న పగులు పూడ్పించాం. రంగు పనివాళ్లు ఈ వారమే వస్తామన్నారు, గోడ ఆరేదాకా ఆగమని చెప్పాను.